దారులకు అద్దం: ఐబీజీపీలో రూట్ రిఫ్లెక్షన్ అమరిక

మనామా నగరంలో నయీమ్ ఒక పాత పేట. అక్కడొక ప్రభుత్వ ఆరోగ్యకేంద్రం ఉంది. బహ్రెయిన్‌లో ఇలాంటి ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలు ఇరవైకి పైగా ఉన్నాయి. వాటి చేతికి మించిన కేసులు వెళ్ళే పెద్ద ప్రభుత్వ వైద్యశాల సల్మానియా. నయీమ్ నుంచి కారులో కొద్ది నిమిషాల దూరం. ఈ కేంద్రాలన్నిటినీ కలుపుతూ, రోగి ఎక్కడికి వెళ్ళినా అతని రికార్డు ఒక్కటే ఉండాలన్న ఉద్దేశంతో అక్కడి ప్రభుత్వం ‘ఐ-సెహా’ అనే జాతీయ ఆరోగ్య సమాచార వ్యవస్థను నెలకొల్పింది. సెహా అంటే అరబ్బీలో ఆరోగ్యం. ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి నిరుడు చేసిన రక్తపరీక్షలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి వైద్యుడు ఇప్పుడు కాగితాల కట్టలు విప్పడు. మీట నొక్కి తెర వంక చూస్తాడు. రెండు మూడు క్షణాలలో ఫలితాలు కనిపిస్తే ఆ సంగతి ఎవరూ గమనించరు. కనిపించకపోతే మాత్రం గది అంతా గమనిస్తుంది.

ఆ రెండు మూడు క్షణాలలో ప్రశ్న ఒక చోటి నుంచి బయలుదేరి, జవాబు ఇంకొక చోటి నుంచి తిరిగి రావాలి. నడుమ ఉన్న ప్రతి రూటరుకూ, తన దగ్గరకు వచ్చిన పొట్లాన్ని ఏ తీగ మీదకు తొయ్యాలో ముందే తెలిసి ఉండాలి. ఆ తెలివి రూటర్లకు ఎలా వస్తుంది, దానిని తక్కువ శ్రమతో పంచడానికి కనిపెట్టిన రూట్ రిఫ్లెక్షన్ అనే పద్ధతిని ఎలా అమర్చాలి, అమర్చేటప్పుడు ఏమి పోగొట్టుకుంటాం అన్నవి ఈ వ్యాసానికి విషయాలు. దీనికోసం బహ్రెయిన్ పటం మీద పన్నెండు రూటర్లతో ఒక వలయాన్ని గీసుకుందాం. ఇది ఊహాచిత్రం, అక్కడి ఏ సంస్థ అమరికకూ నకలు కాదు. ఊళ్ళ పేర్లు, సూత్రాలు మాత్రం నిజమైనవి.

విన్నమాట మూడో చెవిన వేయరాదు

1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఇంటర్నెట్ ఇంజనీర్ల సమావేశం జరిగింది. భోజనాల వేళ సిస్కో సంస్థకు చెందిన కర్క్ లౌహీడ్, ఐబీఎమ్‌కు చెందిన యాకొవ్ రెక్టర్ ఒక బల్ల దగ్గర కూర్చుని, కాగితపు రుమాళ్ళ మీద ఒక పథకం గీశారు. అదే బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్, పొట్టిపేరు బీజీపీ. ఆ ఏడు జూన్‌లో 1105 సంఖ్య గల ఆర్‌ఎఫ్‌సీగా అది అచ్చయింది. తాత్కాలికంగా నెట్టుకురావడానికి రాసుకున్న ఆ పథకమే ఎన్నో సవరణలతో నేటికీ ప్రపంచాన్ని నడుపుతోంది.

బీజీపీ దృష్టిలో ఇంటర్నెట్ అంటే స్వతంత్ర రాజ్యాల సమూహం. ఒకే యాజమాన్యం కింద, ఒకే విధానంతో నడిచే రూటర్ల సముదాయాన్ని అటానమస్ సిస్టమ్ అంటారు. ప్రతి రాజ్యానికీ ఒక సంఖ్య ఉంటుంది. బహ్రెయిన్‌లోని పాత టెలికామ్ సంస్థ బటెల్కో సంఖ్య 5416. మన ఊహా సంస్థకు సొంతవాడకం కోసం విడిచిపెట్టిన సంఖ్యలలో మొదటిదైన 64512 ఇచ్చుకుందాం. ఒక రాజ్యపు సరిహద్దు రూటరు పొరుగు రాజ్యపు రూటరుతో మాట్లాడే బీజీపీ బాహ్యం, అంటే ఈబీజీపీ. అలా తెలిసిన దారులను తన రాజ్యంలోని తోటి రూటర్లకు చెప్పడానికి వాడేది ఆంతరికం, అంటే ఐబీజీపీ. భాష ఒకటే, మర్యాదలు వేరు.

ఆ మర్యాదలలో ముఖ్యమైనది సుడులకు సంబంధించినది. బాహ్య బీజీపీలో ఒక దారి గురించిన వార్త రాజ్యాన్ని దాటిన ప్రతిసారీ ఆ రాజ్యం సంఖ్య వార్తకు తగిలించబడుతుంది. తిరిగి తిరిగి సొంత ఊరికే వచ్చిన వార్తలో తన సంఖ్య కనిపించగానే రూటరు దానిని పారేస్తుంది. రాజ్యం లోపల ఈ ఉపాయం పనిచేయదు. అందరి సంఖ్యా ఒకటే కనుక పట్టీ పెరగదు. వార్త చక్కర్లు కొడుతున్నా పట్టుకోవడానికి గుర్తు ఉండదు. అందుకని కఠినమైన నియమం పెట్టారు: ఆంతరిక పొరుగువాడి నోట విన్న దారిని మరొక ఆంతరిక పొరుగువాడికి చెప్పకూడదు. విన్నమాట మూడో చెవిన వేయరాదన్నమాట.

నియమం మంచిదే. కానీ పెళ్ళికబురు విన్నవాడు ఇంకొకరికి చెప్పకూడదని ఆంక్ష పెట్టిన ఊళ్ళో పెళ్ళివారే ప్రతి గడపా తొక్కాలి. రూటర్లకూ అదే గతి పట్టింది. ప్రతి రూటరూ మిగిలిన ప్రతి రూటరుతోనూ నేరుగా సంభాషణ పెట్టుకుంటే తప్ప అందరికీ అన్ని దారులూ తెలియవు. ఐదు రూటర్లుంటే పది సంభాషణలు. పన్నెండుంటే 66. నలభై ఉంటే 780. నూరుంటే 4,950. లెక్కను మించిన బాధ నిర్వహణది. నలభై రూటర్లున్న చోట నలభై ఒకటవది పెట్టాలంటే, పాత నలభైలోనూ ఒక్కొక్క వరుస చేర్చాలి. అర్ధరాత్రి నలభై చోట్ల చెయ్యి పెట్టినవాడు ఏదో ఒక చోట అంకె తప్పు రాస్తాడు. ఇది నైపుణ్యానికి సంబంధించిన విషయం కాదు, మనిషి స్వభావానికి సంబంధించినది. పైగా నేటి ప్రపంచ దారుల పట్టికలో ఐపీ నాలుగవ తరం చిరునామాల గుంపులే తొమ్మిది లక్షలు దాటాయి. అంత పట్టికను పదుల మంది పొరుగువారికి విడివిడిగా పంపడం రూటరుకూ భారమే.

ఒక పెద్దమనిషికి మినహాయింపు

1996 జూన్‌లో ఈ చిక్కుకు రెండు పరిష్కారాలు వెంట వెంటనే అచ్చయ్యాయి. పాల్ ట్రైనా రాసిన 1965వ ఆర్‌ఎఫ్‌సీ, ఒక రాజ్యాన్ని లోలోపల చిన్న రాజ్యాలుగా చీల్చి బయటికి ఒకటిగా కనబడమంది. దానిని కాన్ఫెడరేషన్ అంటారు. టోనీ బేట్స్, రవి చంద్ర రాసిన 1966వ ఆర్‌ఎఫ్‌సీ అంత దూరం పోలేదు. విన్నమాట చెప్పకూడదన్న నియమం నుంచి ఒకరిద్దరు రూటర్లకు మాత్రం మినహాయింపు ఇవ్వమంది. అదే రూట్ రిఫ్లెక్షన్. ఈ రెండో పద్ధతే ఎక్కువ వాడుకలోకి వచ్చింది. కారణం ఊహించడం కష్టం కాదు: అది నడుస్తున్న సంసారాన్ని కదపకుండా కొద్దికొద్దిగా అమర్చుకోదగినది. 2000లో ఒకసారి, 2006లో ఒకసారి దానిని సవరించారు. ఇప్పుడు ప్రమాణంగా ఉన్నది 2006 నాటి 4456వ ఆర్‌ఎఫ్‌సీ.

మినహాయింపు పొందిన రూటరు రిఫ్లెక్టరు. దాని మీద ఆధారపడే రూటర్లు క్లయింట్లు. రిఫ్లెక్టరూ దాని క్లయింట్లూ కలిసి ఒక క్లస్టర్. రిఫ్లెక్టరు ఎవరి నోట విన్న దారిని ఎవరికి చెబుతుందన్నదే ఇందులోని కిటుకు అంతా. క్లయింటు నుంచి విన్నదానిని మిగిలిన క్లయింట్లకూ, క్లయింట్లు కాని తోటి రూటర్లకూ కూడా చెబుతుంది. క్లయింటు కాని ఆంతరిక పొరుగువాడి నుంచి విన్నదానిని క్లయింట్లకు మాత్రమే చెబుతుంది. బయటి రాజ్యం నుంచి విన్నదానిని ఎప్పటిలాగే అందరికీ చెబుతుంది. అద్దం అన్న పేరు ఇందుకే తగింది. అది బొమ్మను చూపుతుందే కాని మార్చకూడదు. దారికి తరువాతి మజిలీ ఏదన్న వివరాన్ని రిఫ్లెక్టరు తాకకూడదు. తాకితే పొట్లాలన్నీ దాని గుండానే పోవాలని చెప్పినట్టవుతుంది. కబురు మోసేవాడు సరుకు కూడా మోయాలన్న నిబంధన లేదు. ఈ రోజుల్లో చాలా పెద్ద సంస్థలలో రిఫ్లెక్టరు ఒక మామూలు సర్వరు మీద నడిచే ప్రోగ్రాము. ఒక్క పొట్లం కూడా దాని గుండా పోదు.

నియమం సడలించగానే పాత భయం తిరిగి వస్తుంది కదా. వార్త సుడి తిరిగితే పట్టుకునేది ఎలా? అందుకు రెండు గుర్తులు చేర్చారు. మొదటిది ఆరిజినేటర్ ఐడీ, ఈ రాజ్యంలో ఈ దారిని మొదట చెప్పిన రూటరు గుర్తింపు సంఖ్య. తన సంఖ్యే ఉన్న వార్త తనకు తిరిగి వస్తే రూటరు దానిని వదిలేస్తుంది. రెండోది క్లస్టర్ లిస్ట్. వార్తను ప్రతిఫలించిన ప్రతి రిఫ్లెక్టరూ తన క్లస్టర్ సంఖ్యను ఆ పట్టీ ముందు చేరుస్తుంది. తన సంఖ్య అందులో ముందే ఉంటే పారేస్తుంది. బాహ్య బీజీపీలో రాజ్యాల సంఖ్యలు చేసే పనే లోపల క్లస్టర్ సంఖ్యలు చేస్తాయి.

నయీమ్ రూటరుకు తెలియనిది

ఇక అమరిక. మనామా, రిఫా పట్టణాలలో రెండు రిఫ్లెక్టర్లు పెడదాం. నయీమ్, సల్మానియా, జిద్ హఫ్స్, బుదయ్య, ముహర్రక్, హిద్ద్, సిత్రా, ఈసా టౌన్, హమద్ టౌన్, జస్రా ఈ పదీ క్లయింట్లు. ప్రతి క్లయింటూ రెండు రిఫ్లెక్టర్లతోనూ సంభాషణ పెట్టుకుంటుంది: ఇరవై. రిఫ్లెక్టర్ల మధ్య ఒకటి. మొత్తం 21; ఇదివరకటి లెక్క 66. పదమూడో రూటరు వచ్చిన రోజున ఆ కొత్తదానిలోనూ రెండు రిఫ్లెక్టర్లలోనూ తప్ప మరెక్కడా చెయ్యి పెట్టనక్కరలేదు.

నయీమ్ రూటరులో రాయవలసినది ఏమిటని వెతికితే, ప్రత్యేకంగా ఏమీ లేదు. మనామా చిరునామా ఒకటి, రిఫా చిరునామా ఒకటి, ఇద్దరి రాజ్యసంఖ్యా 64512 అని రెండు వరుసలు. మామూలు ఆంతరిక బీజీపీ ఎలా రాస్తారో అలాగే. తాను క్లయింటునన్న సంగతి క్లయింటుకు తెలియదు. విశేషమంతా రిఫ్లెక్టరు వైపే: సిస్కో రూటర్లలో పొరుగువాడి చిరునామా పక్కన ‘రూట్-రిఫ్లెక్టర్-క్లయింట్’ అన్న మాట, జూనిపర్ రూటర్లలో పొరుగుల గుంపుకు ‘క్లస్టర్’ అన్న మాటా, దాని పక్కన ఒక సంఖ్యా. ఇరవై ఏళ్ళనాటి, ఈ పద్ధతి పేరే వినని రూటరు కూడా క్లయింటుగా ఉండగలగడం దీనివల్లనే. అయితే ఒక హెచ్చరిక. చాలా రూటర్లలో ఆ మాట చేర్చగానే ఆ పొరుగువాడితో సంభాషణ ఒకసారి తెగి మళ్ళీ మొదలవుతుంది. పగటిపూట ఓపీ నడుస్తుండగా చేయవలసిన పని కాదు.

సంభాషణలను తీగ చివరి చిరునామాల మధ్య కాక లూప్‌బ్యాక్ చిరునామాల మధ్య పెట్టాలి. లూప్‌బ్యాక్ ఏ తీగకూ కట్టుబడదు. ఒక తీగ తెగినా ఓఎస్‌పీఎఫ్ వంటి లోపలి ప్రోటోకాల్ ఇంకో తోవన దానిని చేరుస్తుంది, సంభాషణ నిలుస్తుంది. బయటి రాజ్యాలతో కలిసే సరిహద్దు రూటర్లు లోపలికి చెప్పేటప్పుడు తరువాతి మజిలీగా తమనే చూపించాలి. ‘నెక్స్ట్-హాప్-సెల్ఫ్’ అన్న ఆ మాట ఉండవలసిన చోటు సరిహద్దు రూటరే. దానిని రిఫ్లెక్టరు మీద, ప్రతిఫలించే దారులకూ వర్తించేలా పెడితే అద్దం కాస్తా గుమ్మం అయిపోతుంది. సర్వరు మీద నడిచే పాపపు ప్రోగ్రాము గుండా ఒక దేశపు రద్దీ మొత్తం దూరాలని చూస్తుంది.

ఇంజనీర్లు ఎడతెగకుండా వాదించుకునే విషయం ఒకటుంది. రెండు రిఫ్లెక్టర్లకూ ఒకే క్లస్టర్ సంఖ్య ఇవ్వాలా, వేరువేరుగా ఇవ్వాలా? ఒకే క్లయింట్లకు సేవ చేస్తున్నాయి కనుక ఒకే సంఖ్య అనడం సహజంగా తోస్తుంది, పాత పుస్తకాలూ అలాగే చెప్పాయి. ఒకే సంఖ్య ఇస్తే, మనామా ప్రతిఫలించిన దారిలో రిఫాకు తన సంఖ్యే కనిపిస్తుంది, పారేస్తుంది. జ్ఞాపకశక్తి ఆదా. ఇప్పుడొక దుర్దినాన్ని ఊహించుకోవాలి. నయీమ్‌కు రిఫాతో సంభాషణ తెగింది, మనామాతో ఉంది. సిత్రాకు మనామాతో తెగింది, రిఫాతో ఉంది. నయీమ్ తన దారులను మనామాకు చెప్పింది. మనామా రిఫాకు చెప్పింది. రిఫా తన సంఖ్య చూసి పారేసింది. సిత్రాకు నయీమ్ లేనట్టే. తీగలు బాగున్నాయి, రెండు రిఫ్లెక్టర్లూ బతికే ఉన్నాయి, అయినా ఒక ఊరికి ఇంకో ఊరు కనబడదు. వేరువేరు సంఖ్యలు ఇచ్చి ఉంటే రిఫా ఆ వార్తను స్వీకరించి సిత్రాకు అందించేది. లూప్‌బ్యాక్ సంభాషణలు అంత తేలికగా తెగవు కనుక ఈ దుర్దినం అరుదు, ఇది నిజమే. కానీ రూటరులో జ్ఞాపకశక్తికి కటకటలాడిన 1996 కాదు ఇది. కొద్దిపాటి మెమరీ ఖర్చుతో ఒక గుడ్డితనం తప్పుతుందంటే వేరు సంఖ్యలే మేలు. రెండు రిఫ్లెక్టర్లనూ ఒకే గదిలో, ఒకే కరెంటు మీటరు కింద పెట్టేవారు మాత్రం సంఖ్యల గురించి ఎంత వాదించుకున్నా ఒరిగేదేమీ లేదు.

పెద్దడాక్టరు చెప్పని రెండో అనుమానం

ఇంతవరకు లాభం. నష్టం వైద్యుల భాషలో సులభంగా చెప్పవచ్చు. కడుపునొప్పితో వచ్చిన రోగికి అపెండిసైటిస్ కావచ్చు, మూత్రనాళంలో రాయి కావచ్చు, స్త్రీ అయితే అండాశయపు తిత్తి మెలిక కావచ్చు. వార్డులోని అందరూ రోగిని చూస్తే అన్ని అనుమానాలూ అందరి మనసులలోనూ ఉంటాయి. పెద్దడాక్టరు ఒక్కరే చూసి, ‘అపెండిసైటిస్’ అని ఒక్క మాట రాసి వెళ్తే తక్కినవారికి అందేది ఆ ఒక్క మాటే. ఆయన మనసులో ఉన్న రెండో అనుమానం కేస్‌షీటు ఎక్కదు. రాత్రి డ్యూటీలో ఉన్న చిన్నడాక్టరుకు మొదటి నిర్ధారణ తప్పని తేలిన క్షణంలో చేతిలో ఏమీ ఉండదు. మళ్ళీ పెద్దాయనకే ఫోను చేయాలి.

రిఫ్లెక్టరు సరిగ్గా ఆ పెద్దడాక్టరే. ఒక గమ్యానికి తనకు నాలుగు దారులు తెలిసినా, వాటిలో తనకు ఉత్తమమని తోచినదానినొక్కదానినే ప్రతిఫలిస్తుంది. ‘తనకు’ అన్న మాటను ఒత్తి చదవాలి. బీజీపీ ఎంపికలో మిగతావన్నీ సమానమైనప్పుడు దగ్గరి ద్వారం నెగ్గుతుంది. రిఫ్లెక్టరు దగ్గర అనుకునేది తాను నిలబడిన చోటి నుంచి దగ్గర. మన పటంలో బయటి ప్రపంచానికి రెండు ద్వారాలున్నాయనుకుందాం: ఒకటి మనామాలో, ఇంకొకటి సౌదీ అరేబియాకు పోయే కింగ్ ఫహద్ వారధి మొదట, జస్రా దగ్గర. హమద్ టౌన్‌కు జస్రా పక్కనే. మనామా రిఫ్లెక్టరుకు మనామా ద్వారమే దగ్గర. కనుక అది హమద్ టౌన్‌కు చెప్పేది మనామా గురించే. రిఫా కూడా తన లెక్కలో మనామానే దగ్గరని తేల్చుకుంటే, పెరటి గుమ్మం తెరిచి ఉండగా హమద్ టౌన్ పొట్లాలు ఊరంతా చుట్టి వీధి గుమ్మానికి పోతాయి.

బహ్రెయిన్ అంతటి దేశంలో ఈ చుట్టుదారి వల్ల పోయే కాలం పట్టించుకోదగ్గది కాదు. గాజుతీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పాతిక కిలోమీటర్లకు సెకనులో ఎనిమిదివేలవ వంతు. రిఫ్లెక్టరు న్యూజెర్సీలో, క్లయింటు హైదరాబాదులో ఉన్న సంస్థకు మాత్రం ఇది నిజమైన బాధ. చిన్న దేశంలో నష్టం వేరే చోట ఉంది. మనామా ద్వారం మూతపడిన క్షణంలో హమద్ టౌన్‌కు రెండో దారి తెలిసి ఉంటే అప్పటికప్పుడు అటు తిరిగేది. తెలియదు కనుక రిఫ్లెక్టరు సంగతి గ్రహించి, లక్షల దారులకు కొత్త ఎంపిక చేసుకుని, కొత్త కబురు పంపేదాకా ఆగాలి. ఆ వ్యవధిలో పొట్లాలు గాలిలో కలిసిపోతాయి.

మందులున్నాయి. 2016లో వచ్చిన 7911వ ఆర్‌ఎఫ్‌సీ ప్రకారం రిఫ్లెక్టరు ఒకే గమ్యానికి ఒకటి కన్నా ఎక్కువ దారులను పంపవచ్చు. దీనిని యాడ్-పాత్ అంటారు. పెద్దడాక్టరు కేస్‌షీటులో రెండో అనుమానం కూడా రాయడమన్నమాట. ఇక్కడ మాత్రం క్లయింటుకు ఆ భాష తెలిసి ఉండాలి. తనకు తెలియకుండా క్లయింటుగా ఉండే సౌకర్యం పోతుంది. 2021లో వచ్చిన 9107వ ఆర్‌ఎఫ్‌సీ ఇంకో తోవ చూపింది: రిఫ్లెక్టరు తన కాళ్ళ దగ్గర నుంచి కాక, ఆ క్లయింటు నిలబడ్డ చోటి నుంచి చూసి ఎంపిక చేస్తుంది. అత్యవసరమైన చోట్ల యాడ్-పాత్‌తో రెండు దారులు పంపడం సరిపోతుంది. అన్ని దారులూ అందరికీ పంపితే తిరిగి మొదటికే వచ్చినట్టు.

అన్ని పరీక్షలూ నార్మల్

దారి కనబడకపోవడం ఒక ఎత్తు, దారి సుడి తిరగడం మరొక ఎత్తు. మనామా, సల్మానియా, ఈసా టౌన్, రిఫా వరుసగా ఒకే తీగ మీద ఉన్నాయనుకుందాం. పటం మీద కూడా ఈసా టౌన్ మనామాకూ రిఫాకూ నడుమే ఉంటుంది. ఈసారి మనామాకూ రిఫాకూ చెరొక బయటి ద్వారం ఉంది. అమర్చినవాడు పొరపాటున సల్మానియాను దూరంగా ఉన్న రిఫాకు మాత్రమే క్లయింటును చేశాడు, ఈసా టౌన్‌ను మనామాకు మాత్రమే. ఏ రూటరైనా బయటి రాజ్యం నుంచి తాను నేరుగా విన్న దారినే లోపల విన్నదాని కన్నా మెచ్చుతుంది. కనుక రిఫా తన ద్వారమే ఉత్తమమని సల్మానియాకు చెబుతుంది. మనామా తన ద్వారమే ఉత్తమమని ఈసా టౌన్‌కు చెబుతుంది. సల్మానియా నుంచి బయలుదేరిన పొట్లం రిఫా వైపు, అంటే ఈసా టౌన్‌కు పోతుంది. ఈసా టౌన్ లెక్కలో ద్వారం మనామాలో ఉంది. పొట్లాన్ని తిరిగి సల్మానియాకు తోస్తుంది. సల్మానియా మళ్ళీ ఈసా టౌన్‌కు. పొట్లం ఆయువు తీరేదాకా ఈ బంతాట సాగుతుంది.

భయపెట్టేది ఏమిటంటే ఏ రూటరులోనూ తప్పు కనబడదు. ప్రతి సంభాషణా నడుస్తూనే ఉంటుంది. ప్రతి పట్టికలోనూ దారి ఉంటుంది. ఆరిజినేటర్ ఐడీ, క్లస్టర్ లిస్ట్ రెండూ సక్రమంగానే ఉంటాయి. అవి కాపాడేది వార్త సుడి తిరగకుండా, సరుకు సుడి తిరగకుండా కాదు. అన్ని పరీక్షలూ నార్మల్‌గా వచ్చి రోగి మాత్రం మంచం మీద నుంచి లేవలేని కేసులు వైద్యులందరికీ అనుభవమే. రిఫ్లెక్టరుకూ క్లయింటుకూ మధ్య ఉన్న తీగల దారి వేరొక క్లస్టర్ గుండా పోకూడదన్న సూత్రం ఇటువంటి కేసుల నుంచి పుట్టింది. కాగితం మీద ఎవరికి ఎవరు క్లయింటన్నది నేల మీద తీగలు ఎలా ఉన్నాయో చూసి నిర్ణయించాలి, ఆఫీసు చార్టు చూసి కాదు. మధ్య రూటర్లు దారి వెతుక్కోకుండా ఎంపీఎల్‌ఎస్ సొరంగాలలో పొట్లాలను చివరిదాకా పంపే చోట ఈ బెడద లేదు. కొన్ని అమరికలలో ఎంపికలు ఎప్పటికీ కుదురుకోకుండా ఊగుతూనే ఉండే జబ్బు కూడా ఉంది. పొరుగు రాజ్యాలు పంపే మెడ్ అనే ప్రాధాన్య సంఖ్య దీనికి ముఖ్య కారకం. 2002 నాటి 3345వ ఆర్‌ఎఫ్‌సీ అంతా దాని వర్ణనే.

లోపలి వరద

రిఫ్లెక్టరు మంచి కబురును ఎంత వేగంగా పంచుతుందో చెడ్డ కబురునూ అంతే వేగంగా పంచుతుంది. ఒక్కచోట వదిలిన దారులు క్షణాలలో అన్ని చోట్లా ఉంటాయి. కింద చెప్పే రెండు ప్రమాదాలూ రిఫ్లెక్టరు తప్పు వల్ల జరిగినవి కావు; దారుల వార్తలు ఒక సంస్థ లోపల హద్దు మీరి పారితే ఏమవుతుందో చూపినవి.

2022 జులై 8 తెల్లవారుజామున కెనడాలో రోజర్స్ సంస్థ ఇంజనీర్లు ఒక మార్పు చేస్తూ, దారులను వడకట్టే జల్లెడనొకదానిని తీసివేశారు. బయటే ఆగవలసిన దారులు వెల్లువలా లోపలి ప్రధాన రూటర్ల మీద పడ్డాయి, అవి మోయలేక కూలిపోయాయి. కోటీ ఇరవై లక్షల మందికి పైగా వినియోగదారులకు ఫోనూ నెట్టూ పోయాయి. చాలామందికి 911 అత్యవసర సేవ అందలేదు. ఇంజనీర్లు రూటర్లను దూరం నుంచి సరిచేయడానికి వాడే వలయం కూడా ఆ కూలిన వలయం మీదే ఆధారపడి ఉండడంతో జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడానికే గంటలు పట్టింది.

ఆస్ట్రేలియాలో 2023 నవంబర్ 8న ఆప్టస్ సంస్థకు పట్టిన గతి దీనికి అద్దంలో బొమ్మ వంటిది. బయటి వలయంలో ఒక సాఫ్ట్‌వేర్ మార్పు తరువాత దారుల సమాచారం పెద్దయెత్తున లోపలికి వచ్చింది. దాదాపు 90 రూటర్లు తమకు ముందే పెట్టిన గరిష్ఠ పరిమితి దాటిందని గ్రహించి, తమను తాము కాపాడుకోవడానికి వలయం నుంచి విడిపోయాయి. అక్కడ జల్లెడ లేక కూలింది, ఇక్కడ కాపలా వల్లనే ఆగింది. కోటి మంది మీద ప్రభావం పడింది. 2,145 మంది 000 నంబరుకు చేసిన అత్యవసర పిలుపులు చేరలేదని అక్కడి నియంత్రణ సంస్థ ఆ తరువాత తేల్చి, కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా జరిమానా విధించింది.

అందువల్ల రిఫ్లెక్టర్ల అమరికలో పరిమితి సంఖ్య ఎంత అన్నదాని కన్నా, ఆ పరిమితి దాటినప్పుడు రూటరు ఏమి చేయాలన్నది పెద్ద ప్రశ్న. సరిహద్దులో బయటివారితో ఉన్న సంభాషణలకు పరిమితి కఠినంగా ఉండాలి, దాటితే తెంచాలి. లోపల రిఫ్లెక్టరుకూ క్లయింటుకూ మధ్య ముందుగా హెచ్చరిక మోగించే పరిమితి చాలు. అన్ని క్లయింట్లూ ఒకే అంకె దగ్గర ఒకేసారి రిఫ్లెక్టర్లతో మాట తెంచుకుంటే అది రక్షణ కాదు, సామూహిక మూర్ఛ. రెండు రిఫ్లెక్టర్లకూ ఒకే రోజు ఒకే సాఫ్ట్‌వేర్ ఎక్కించకపోవడం కూడా ఈ జాగ్రత్తలోదే. రూటర్ల దగ్గరకు ఇంజనీరు చేరే దారి మాత్రం వేరే సంస్థ తీగ మీద, వేరే సిమ్ మీద ఉండి తీరాలి.

ఇప్పటికే 66 సంభాషణలతో నడుస్తున్న సంస్థ రిఫ్లెక్షన్‌కు మారేటప్పుడు పాత సంభాషణలను ముందుగా తెంచరు. మొదట మనామాలో, కొన్ని రోజుల తరువాత రిఫాలో క్లయింట్ల పేర్లు రాస్తారు. అప్పుడు ప్రతి రూటరుకూ ఒకే దారి నేరుగానూ రిఫ్లెక్టర్ల ద్వారానూ వినబడుతుంది. క్లస్టర్ లిస్ట్ పొట్టిగా ఉన్న నేరు దారినే అది వాడుకుంటూ ఉంటుంది, హాని లేదు. ఆ తరువాతే క్లయింట్ల మధ్య పాత సంభాషణలను ఒక్కొక్కటిగా తీస్తారు. నయీమ్‌కూ సిత్రాకూ మధ్య ఉన్నదానిని తీయబోయే ముందు నయీమ్ రూటరులో చూడవలసినది ఒకటే: సిత్రా దారులు మూడుసార్లు కనబడాలి. నేరుగా ఒకటి, మనామా క్లస్టర్ సంఖ్యతో ఒకటి, రిఫా క్లస్టర్ సంఖ్యతో ఒకటి. వెనుక రెండింటిలోనూ ఆరిజినేటర్ ఐడీ సిత్రాదే అయి ఉండాలి. రెండే కనబడితే ఆ రాత్రికి పని ఆపి, లేని మూడోది ఏ రిఫ్లెక్టరు దగ్గర ఆగిందో వెతకాలి.